కర్ర దెబ్బకు రెండు పేర్లు

మా నాన్నగారు రాజమండ్రిలో ఒక క్రిమినల్ ప్లీడరు దగ్గర గుమాస్తా. ఫైళ్ళు కట్టడం, వాయిదాలు రాసుకోవడం, సాక్షులకి టీలు తాగించి కోర్టులోకి పంపడం ఆయన పని. ఇంట్లో మాట్లాడేటప్పుడు కూడా మనుషుల్ని సెక్షన్లతోనే గుర్తుపట్టేవారు. "ఆయనా? త్రీనాట్‌టూ ముద్దాయి. చాలా నెమ్మదైన మనిషి" అనేవారు. అమ్మ గుండె మీద చెయ్యేసుకునేది.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వైపు వాళ్ళెవరూ మర్చిపోలేరు. నీళ్ళు తీశాక లంకల్లో చూస్తే గట్లు లేవు, హద్దురాళ్ళు లేవు. కొందరి పొలం మీద మేటలు వేసింది, కొందరిది కోసుకుపోయింది. ఎవరి భూమి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గోదారినే అడగాలి. అలాంటి ఒక లంకలో పక్కపక్క రైతులిద్దరు గట్టు దగ్గర మాటామాటా అనుకున్నారు. ఒకతని చేతిలో కర్ర ఉంది. ఒక్క దెబ్బ, తల మీద. రెండో దెబ్బ కొట్టలేదు. పడ్డవాణ్ణి పడవలో దాటించడానికి కొట్టినవాడే ఒక చెయ్యి వేశాడు. మూడో రోజున కాకినాడ ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

పోలీసులు 302 కింద ఛార్జిషీటు వేశారు. ముద్దాయి తరఫు మా నాన్నగారి ప్లీడరే. రెండేళ్ళకి తీర్పు వచ్చింది. 302 కాదు, 304 రెండో భాగం, ఏడేళ్ళు. అంటే చట్టం దృష్టిలో అది హత్య కాదు, "హత్య కానటువంటి శిక్షార్హమైన నరహత్య". ఆ రోజు కాలేజీకి సెలవై నేనూ కోర్టు వరండాలో ఉన్నాను. చనిపోయినతని భార్య మా నాన్నగారి దగ్గరకొచ్చింది. ఆయన అవతలి పక్షం మనిషని ఆవిడకి తెలుసు. అయినా అక్కడ తెలుగులో సమాధానం చెప్పేవాడు ఆయనొక్కడే అనిపించిందేమో.

"గుమాస్తాగారండీ, మా ఆయన్ని చంపినట్టేనా కాదాండీ?"

"చంపినట్టేనమ్మా. కాకపోతే చంపాలని కొట్టలేదన్నారు జడ్జీగారు."

"తల మీద కొట్టింది చంపడానిక్కాకపోతే సాకడానికాండీ?"

నాన్నగారు ఏమీ అనలేదు. ఆయన నోట మాట రాకపోవడం నేను చూసింది బహుశా అదొక్కసారే. ఆ ప్రశ్న మాత్రం నాతో ఉండిపోయింది. తర్వాత ఎప్పుడు ఖూనీ కేసుల తీర్పులు చదివినా ఆవిడకేం చెప్పాలా అనే చదివాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చిందే.

మన వాడుకలో చంపడం అంటే చంపడమే. మహా అయితే "ఖూనీ చేశాడు" అంటాం, "పొరపాటున చచ్చాడు" అంటాం. మధ్యలో మెట్లు లేవు. 1837లో మెకాలే కమిషన్ ముసాయిదా రాసి, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండియన్ పీనల్ కోడ్ ఆ మధ్యలో మెట్లు కట్టింది. 299 సెక్షను నరహత్య అంటే ఏమిటో చెబుతుంది. 300 అందులో ఏది హత్య అవుతుందో చెబుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే మొదట ఒకటే విషయం రెండుసార్లు రాసినట్టుంటుంది. రెంటిలోనూ చంపాలనే ఉద్దేశం ఉంది, దెబ్బ తగిలించాలనే ఉద్దేశం ఉంది, ప్రాణం పోతుందని తెలిసుండడం ఉంది. తేడా అంతా పాళ్ళలో ఉంది. తగిలించిన దెబ్బ వల్ల మనిషి పోవచ్చు అన్నంతవరకే అయితే అది నరహత్య. ప్రకృతి సహజంగా ఆ దెబ్బ ప్రాణం తియ్యడానికి చాలినంతదైతే హత్య. పోవచ్చు అన్నదానికీ చాలినంత అన్నదానికీ మధ్య ఉన్న సందులోనే యావజ్జీవానికీ ఏడేళ్ళకీ తేడా ఉంది.

దీనికి తోడు 300లోనే ఐదు మినహాయింపులున్నాయి. హత్య అనిపించినా కిందికి దించే మెట్లు అవి. హఠాత్తుగా తీవ్రంగా రెచ్చగొట్టబడడం, ఆత్మరక్షణలో హద్దు దాటడం, ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో హద్దు మీరడం, ముందస్తు ఆలోచన లేకుండా అప్పటికప్పుడు రేగిన కొట్లాట, చచ్చిపోయినవాడి సమ్మతి. మా లంక కేసులో ప్లీడరుగారు పట్టుకున్నది ఆ కొట్లాట దారినే. ముందు అనుకున్నది లేదు, కర్ర పొలానికి రోజూ తెచ్చుకునేదే, రెండో దెబ్బ లేదు, పైగా పడవ దాటించాడు. కోర్టు అదంతా ఒప్పుకుని, చంపాలనే ఉద్దేశం లేదు గానీ తల మీద కొడితే పోవచ్చని తెలుసు అంది. అదే 304 రెండో భాగం.

ఈ తేడాని మొదట విడమర్చి చెప్పిన తీర్పుల్లో 1876 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు, గోవిందా కేసు, ఒకటి. పద్ధెనిమిదేళ్ళ మొగుడు పదిహేనేళ్ళ పెళ్ళాన్ని కింద పడేసి, రొమ్ము మీద మోకాలు పెట్టి, ముఖం మీద పిడికిలితో రెండు మూడు గుద్దులు గుద్దాడు. మెదడులో రక్తం కారి ఆ పిల్ల చచ్చిపోయింది. జస్టిస్ మెల్విల్ రెండు సెక్షన్లనీ పక్కపక్కన పరచి చూసి, ఇది హత్య కాదన్నాడు. ఆ పిల్ల తల్లి కూడా ఏ కోర్టు వరండాలోనో ఎవరినైనా ఇదే ప్రశ్న అడిగుంటుందా అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మళ్ళీ కర్రల దగ్గరికే వద్దాం. కృష్ణ అవతల, అప్పటి గుంటూరు జిల్లాలో, రొంపిచర్ల అనే ఊరుంది. ఏళ్ళ తరబడి ముఠా కక్షలున్న ఊరు. 1968 జులైలో పశువుల బందెలదొడ్డి ఎక్కడ పెట్టాలన్న దాని మీద గొడవ ముదిరింది. మర్నాడు పొద్దున్నే ఒక వర్గం నాయకుడు, యాభై అయిదేళ్ళ మనిషి, నరసరావుపేట బస్సెక్కాడు. అవతలి వర్గం వాళ్ళు అయిదుగురు అదే బస్సెక్కారు. నెకరికల్లు అడ్డరోడ్డు దగ్గర ఆయన దిగితే వాళ్ళూ దిగారు. అక్కడ సత్రంలోకి వెళ్ళినవాణ్ణి బరువైన కర్రలతో పట్టుకున్నారు. ఆయన చేతులు జోడించి బతిమాలుతున్నా స్పృహ తప్పేదాకా కాళ్ళ మీదా చేతుల మీదా కొట్టారు. పందొమ్మిది గాయాలు. తల మీద గానీ గుండె మీద గానీ ఒక్కటీ లేదు. మర్నాడు తెల్లవారుజామున ఆయన ఆసుపత్రిలో చనిపోయాడు.

సెషన్స్ కోర్టు ఇద్దరికి 302 వేసింది. హైకోర్టు దాన్ని 304 రెండో భాగానికి దించింది. ఆయువుపట్టు మీద ఒక్క దెబ్బ లేనప్పుడు చంపే ఉద్దేశం ఎక్కడుంది అన్నది దాని తర్కం. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1976లో వచ్చిన ఆ తీర్పే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ రాయవరపు పున్నయ్య. ఈ దేశంలో లా చదివిన ప్రతి విద్యార్థీ, మన రొంపిచర్ల ఎక్కడుందో తెలియకపోయినా, ఈ కేసు చదివే ఉంటాడు. జస్టిస్ సర్కారియా అందులో నరహత్యకి మూడు అంతస్తులున్నాయని చెప్పారు. అన్నిటికన్నా పైది 300 కింద హత్య. మధ్యది 304 మొదటి భాగం. అట్టడుగుది 304 రెండో భాగం. హత్యలన్నీ నరహత్యలే, నరహత్యలన్నీ హత్యలు కావు.

ఇక రొంపిచర్ల సంగతి. చంపాలనుకున్నారా లేదా అన్నది ఇక్కడ తేల్చనక్కర్లేదు అన్నారాయన. ఆ దెబ్బలు కొట్టాలనుకున్నారా? అనుకున్నారు. బస్సులో వెంటపడి వచ్చారు, కర్రలు ఎంచి పట్టుకున్నారు, ఒక్కొక్క ఎముకా విరిగేదాకా ఆగలేదు. ఆ దెబ్బలన్నీ కలిస్తే ప్రాణం తియ్యడానికి చాలినంతవా? డాక్టరు చాలినంతవే అన్నాడు. అంతే, హత్య. చంపే ఉద్దేశాన్ని విడిగా రుజువు చెయ్యక్కర్లేదు. 1958లో వీర్సా సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ వేసిన దారి ఇది. 302 మళ్ళీ నిలబడింది.

ఇది చదివాక మొదట నాకు విడ్డూరంగా అనిపించింది. తల మీద కొట్టినవాడిది హత్య కాదు, కాళ్ళ మీద కొట్టినవాళ్ళది హత్య. రెండుచోట్లా కర్రే, రెండుచోట్లా చావే. కానీ ఆలోచిస్తే సంగతి బోధపడింది. చట్టం దెబ్బ పడ్డ చోటు దగ్గరే ఆగిపోదు. కర్ర ఎత్తకముందు ఆ చేతికి ఎంత వ్యవధి ఉంది, ఎత్తాక ఎన్నిసార్లు దించింది, దించేటప్పుడు ఏం తగలాలనుకుంది అని అడుగుతుంది. లంకలో ఆ చెయ్యి ఒక్కసారి లేచి ఆగిపోయింది. నెకరికల్లులో పందొమ్మిది గాయాలయ్యేదాకా ఆగలేదు.

హత్యకి కిందనున్న మెట్లు ఇవి. మరి పైన? మామూలు హత్యకన్నా ఘోరమైన హత్యంటూ మన చట్టంలో విడిగా ఒక నేరం ఉందా? చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా 1794లోనే హత్యని మొదటి తరగతి, రెండో తరగతి అని విడగొట్టింది. విషం పెట్టినా, మాటువేసి చంపినా, ముందు ఆలోచించుకుని చంపినా మొదటి తరగతి. ఫ్రెంచివాళ్ళు పథకం వేసి చంపడానికి వేరే పేరే పెట్టుకున్నారు. ఇంగ్లండు 1957లో ఉరి పడే హత్యల జాబితా ఒకటి రాసుకుంది. తుపాకీతో కాల్చినా, దొంగతనం చేస్తూ చంపినా, పోలీసుని చంపినా ఉరి. విషం మాత్రం ఆ జాబితాలో లేదు. నెలల తరబడి కొద్దికొద్దిగా విషం పెట్టి చంపినవాడు బతికిపోతాడు, కోపంలో తుపాకీ పేల్చినవాడు ఉరికంబం ఎక్కుతాడు. ఆ జాబితా తొమ్మిదేళ్ళు కూడా నిండకముందే 1965లో మూలపడింది.

మన పీనల్ కోడు అలాంటి జాబితా రాయలేదు. దీనికి మా గోదావరి జిల్లా కేసే మంచి సాక్ష్యం. 1937 మార్చిలో పిఠాపురం దివాన్ దగ్గర పనిచేసే ఒక బంట్రోతు బరంపురం వెళ్తున్నానని చెప్పి బయల్దేరాడు. దివాన్ గారి కూతురికి ఆయన మూడు వేలు అప్పిచ్చాడు, నూటికి ఏడాదికి పద్ధెనిమిది వడ్డీకి. ఆవిడా భర్తా బరంపురంలో ఉంటున్నారు. రమ్మని ఉత్తరం వచ్చింది. 21న ఊరు వదిలాడు. 23న పూరీలో రైలు మూడో తరగతి పెట్టెలో ఒక ట్రంకుపెట్టె దొరికింది. అందులో ఆయన శవం, ఏడు ముక్కలుగా. అల్లుడు పాకాల నారాయణస్వామికి పడ్డ ఉరిశిక్ష మీద అప్పీలు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1939 జనవరిలో లార్డ్ అట్కిన్ దాని మీద తీర్పు చెప్పాడు. బరంపురం వెళ్తున్నానని చనిపోయినవాడు భార్యతో అన్న మాటని మరణవాంగ్మూలంగా తీసుకోవచ్చా అన్నదానికి ఆ తీర్పు ఈనాటికీ ఆధారం. పిఠాపురంలో ఒక ఇల్లాలికి గుమ్మం దగ్గర మొగుడు చెప్పిన మాట అది.

పథకం, డబ్బు, పిలిపించడం, ముక్కలు చెయ్యడం. మరో దేశంలో ఇది నిస్సందేహంగా మొదటి తరగతి. ఇక్కడ మాత్రం 302. రొంపిచర్ల కర్రలకీ అదే 302. ట్రంకుపెట్టెకి వేరే సెక్షను లేదు.

అయితే తేడా ఎక్కడ చూపించాలి? శిక్షలో. 302లో రెండు శిక్షలున్నాయి, ఉరి లేదా యావజ్జీవం. రెంటిలో ఏదన్నది జడ్జి చేతిలో ఉంది. నారాయణస్వామి కాలంలో ఉరి మామూలు. ఉరి వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదో జడ్జి రాయాలి. 1955 సవరణ ఆ నియమాన్ని తీసేసింది. 1973 నాటి కొత్త ప్రొసీజర్ కోడు, 1974 ఏప్రిల్ నుంచి, దాన్ని పూర్తిగా తిరగేసింది. యావజ్జీవం మామూలైంది, ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి. చంపడం మారలేదు, సెక్షను మారలేదు. సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలన్నది మారింది.

ఆ మలుపులో నిలబడ్డ కేసు కూడా తెలుగువాళ్ళదే. 1974లో ఎడిగ అనమ్మ కేసు. ఇరవై నాలుగేళ్ళ స్త్రీ, అసూయతో ఇంకో స్త్రీనీ ఆమె పసిబిడ్డనీ చంపింది. కింది కోర్టులు ఉరి వేశాయి. జస్టిస్ కృష్ణయ్యర్ నేరం ఘోరమేనంటూనే నేరస్థురాలి వైపు చూశారు. అత్తింటి నుంచి వెళ్ళగొట్టారు, పుట్టింట్లో ఒక బిడ్డతో ఉంది, ఏళ్ళ తరబడి ఉరి నీడలో కూర్చుంది. యావజ్జీవం చాలన్నారు. 1980లో బచన్ సింగ్ కేసులో అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే ఉరి అన్న సూత్రం వచ్చింది. నేరాన్నీ నేరస్థుణ్ణీ కలిపి చూడాలంది. ఆ మెజారిటీ తీర్పు రాసింది కూడా రొంపిచర్ల తీర్పు రాసిన సర్కారియాగారే. కింది మెట్లని అంత కొలతగా చెప్పిన మనిషి, పైమెట్టు దగ్గరికొచ్చేసరికి జాబితా రాయడానికి ఒప్పుకోలేదు. మనుషులు చంపే తీరులన్నీ ముందే ఊహించి రాయడం సాధ్యం కాదన్నారు. ఇంగ్లండు అనుభవం చూశాక ఆయన్ని తప్పుపట్టలేం. కానీ దాంతో, ఒకే రకం నేరానికి ఈ జడ్జి దగ్గర ఉరి, ఆ జడ్జి దగ్గర యావజ్జీవం పడే ప్రమాదమూ మిగిలిపోయింది.

పీనల్ కోడులో నిజంగా మామూలు హత్యకి పైమెట్టుగా ఉన్నది ఒకటే, 303. యావజ్జీవ ఖైదీ మళ్ళీ హత్య చేస్తే ఉరి తప్ప ఇంకో శిక్ష లేదు. రాజమండ్రి సెంట్రల్ జైలు గోడ పక్కనుంచి సైకిలు మీద వెళ్ళేటప్పుడు నాన్నగారు ఈ సెక్షను గురించి చెప్పేవారు. "లోపల ఉన్నవాడికి ఇంక పోయేదేముందిరా? అందుకని వార్డర్ల ప్రాణానికి కాపలాగా పెట్టారు దీన్ని" అని. 1983లో మిఠూ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఎందుకు చంపాడు, ఎలా చంపాడు అని అడిగే వీలే లేకుండా ఉరి వెయ్యమనడం న్యాయం కాదంది. పెరోలు మీద బయటికొచ్చినవాణ్ణి ఎవరో రెచ్చగొట్టినా అదే శిక్షా అని అడిగింది.

2024 జులై 1 నుంచి పీనల్ కోడు స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. త్రీనాట్‌టూ ఇప్పుడు నూటమూడు. 304 ఇప్పుడు నూటఅయిదు. పాత 303 నూటనాలుగుగా తిరిగొచ్చింది, అయితే ఉరి ఒక్కటే కాకుండా, బతికున్నంతకాలం జైలు అనే ఇంకో దారితో. అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి కులం, జాతి, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో చంపితే దానికి విడిగా ఒక ఉపసెక్షను పెట్టారు. చదివి చూస్తే శిక్ష మామూలు హత్యకున్నదే. పేరు వేరు, ఫలితం ఒకటి. పేరుకి విలువ లేదనను. 1985లో కారంచేడు జరిగాకే, ఎందుకు చంపారన్నదాన్ని చట్టం లెక్కలోకి తీసుకోవాలన్న పోరాటం ఊపందుకుంది, 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. పదేళ్ళు ఆపైన శిక్షపడే నేరాన్ని కులం కారణంగా చేస్తే యావజ్జీవం అందా చట్టం. కర్ర ఎత్తిన చేతినే కాదు, ఎవరి మీద ఎత్తడానికి ఆ చెయ్యి జంకలేదో కూడా చూడమంది.

మళ్ళీ కోర్టు వరండా. ఆ రోజు ఆవిడకి నాన్నగారు చెప్పాల్సిన సమాధానం ఇప్పుడు నాకు తెలుసు. కోర్టు కొలిచింది మీ ఆయన ప్రాణం విలువని కాదమ్మా, కొట్టినవాడి మనసుని, అని. అది నిజం. ఆ ఏడేళ్ళ తీర్పు తప్పని ఇప్పటికీ నేననుకోను. కానీ ఆ నిజం చెప్పడానికి చట్టం ఎంచుకున్న మాట చూడండి. "హత్య కానటువంటి" అని. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి మొట్టమొదట వినపడేది ఆ "కానటువంటి" ఒక్కటే.

ఇంకొకటి కూడా ఉంది. రొంపిచర్ల కేసులో హైకోర్టు 304కి దించితే, పైకోర్టుకి వెళ్ళింది ప్రభుత్వం. మా లంక కేసులో ప్రభుత్వం వెళ్ళలేదు. ఆవిడకి అప్పీలు చేసుకునే హక్కు లేదు. చట్టం దృష్టిలో ఆవిడ ఒక సాక్షి, అంతే. 2009లో ప్రొసీజర్ కోడుకి ఒక సవరణ వచ్చింది. ముద్దాయిని విడిచిపెట్టినా, తక్కువ నేరం కింద శిక్షించినా, పరిహారం చాలకపోయినా, బాధితులు, వాళ్ళు లేకపోతే వారసులు, తామే అప్పీలు చేసుకోవచ్చు. "తక్కువ నేరం కింద" అన్న ఆ మూడు మాటలు చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. వెళ్ళుంటే ఓడిపోయేదేమో. కానీ సాకడానికాండీ అన్న ఆ ప్రశ్నని వరండాలో గుమాస్తాని కాకుండా, లోపల జడ్జీల్ని అడిగుండేది.

ఆ సవరణ వచ్చేసరికి నాన్నగారు లేరు. ఉంటే సెక్షను నంబరు అడిగి, డైరీలో రాసుకునేవారు.